కడుపు నిండితే ఆకలి తీరినట్టేనా? జీర్ణాశయం సాగుదలకూ పేగు హార్మోన్లకూ ఉన్న లంకె

క్లుప్తంగా: జీర్ణాశయం సాగిన కబురు ప్రధానంగా నరాల మీదుగా మెదడుకు చేరుతుంది. సాగుదలకు గట్టిగా స్పందించే హార్మోన్ గ్యాస్ట్రిన్. దాని పని ఆమ్లం ఊరించడమే కానీ ఆకలి తీర్చడం కాదు. ఆకలిని దించేవి, ఇన్సులిన్‌ను పెంచేవి అయిన హార్మోన్లు చాలావరకు పోషకాలు చిన్నపేగు గోడను తాకాకే విడుదలవుతాయి. ఈ రెండు కబుర్లూ దాదాపు ఒకే సమయంలో అందినప్పుడే భోజనం ముగిసిందన్న తృప్తి నిలుస్తుంది.

ఈ చర్చ ఇప్పుడెందుకు

ఆకలి తగ్గించే సూదిమందుల్లో 2025 మార్చిలో మౌంజారో, అదే ఏడాది జూన్‌లో వెగోవీ మన దేశ మార్కెట్లోకి వచ్చాయి. వెగోవీలోని మందు సెమాగ్లుటైడ్ మీద ప్రధాన పేటెంటు గడువు 2026 మార్చి వరకే కావడంతో దేశీయ కంపెనీల చవక రకాలకూ దారి తెరుచుకుంది. తిరుపతిలో షుగర్ క్లినిక్ ముందు కూర్చున్నవాళ్ల మాటల్లోనూ ఇప్పుడు ‘జీఎల్‌పీ’ (ఈ సూదులు అనుకరించే పేగు హార్మోన్) వినిపిస్తోంది. ఆ మాట వెంటే సలహాలూ బయల్దేరాయి. భోజనానికి ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగితే కడుపు సాగి ఆకలి హార్మోన్ పడిపోతుందని ఒకరు, కడుపును ‘చిన్నది’ చేసుకుంటే హార్మోన్లు వాటంతట అవే సర్దుకుంటాయని మరొకరు, మొదటి ముద్దలో నెయ్యి వేసుకుంటే సూదిమందు పనే జరుగుతుందని ఇంకొకరు చెబుతున్నారు.

వీటిలో ఏదీ పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. పొరపాటు దొర్లేది ఒకే చోట. కడుపు సాగడం ఒక సంఘటన, పేగుకు పోషకం అందడం వేరే సంఘటన. రెండూ ఒకే భోజనంలో జరుగుతాయి కాబట్టి రెంటినీ ఒకటిగా అనుకోవడం అలవాటైంది.

జీర్ణాశయం కొలిచేది పరిమాణాన్ని

ఖాళీగా ఉన్న జీర్ణాశయంలో పట్టేది 50 నుంచి 75 మిల్లీలీటర్లే. భోజనం పూర్తయ్యేసరికి అది లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. ఇంత సాగినా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. ముద్ద గొంతు దిగుతుండగానే జీర్ణాశయం పైభాగం వదులవుతుంది. మెదడును పొట్టతో కలిపే వేగస్ నాడి ద్వారా వచ్చే ఆజ్ఞతో అక్కడి నరాల కొసలు నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతాయి, కండరం సడలుతుంది. ఈ సడలింపు సరిగా జరగనివాళ్లకు నాలుగు ముద్దలకే పొట్ట బిగిసినట్టు ఉంటుంది. వాళ్లు తిన్నది ఎక్కువేమీ కాదు, లోపల చోటు తెరుచుకోలేదు, అంతే.

సాగిన గోడలో, కండరాల పొరల మధ్య, వేగస్ నాడి కొసలు వలలా పరుచుకుని ఉంటాయి. అవి కొలిచేది బిగువును. వేగస్ నాడిలోని తంతువుల్లో సుమారు 80 శాతం కబురును కింది నుంచి మెదడుకు మోసేవే. అంటే ఈ నాడి ప్రధానంగా పై నుంచి ఆజ్ఞలు తెచ్చే తీగ కాదు, కింది నుంచి సమాచారం పంపే తీగ. నీళ్లు, గంజి, నూనె, గాలి, వీటిలో దేనితో గోడ సాగినా ఈ కొసలకు పెద్ద తేడా తెలియదు.

దీన్ని తేల్చిన ప్రయోగం 1996లో వచ్చింది. అమెరికాలో ఫిలిప్స్, పౌలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల జీర్ణాశయం చివర, పేగులోకి తెరుచుకునే చోట, కావాలనుకున్నప్పుడు బిగించగల ఉచ్చు అమర్చారు. ఉచ్చు బిగిస్తే లోపలున్నది పేగులోకి దిగదు. అప్పుడు జీర్ణాశయంలోకి పోషక ద్రవం పంపినా, ఉప్పునీరు పంపినా, ఎలుక ఆ తర్వాత తినే తిండి దాదాపు ఒకేలా తగ్గింది. తేడా చూపింది ఎంత పంపారన్నదే. ఉచ్చు వదిలి ద్రవాన్ని పేగులోకి పోనిచ్చాకే పోషకానికీ ఉప్పునీటికీ తేడా బయటపడింది.

మనుషుల్లో ఇలాంటి ఉచ్చు పెట్టలేరు కానీ బెలూన్లు పెట్టి చూశారు. జీర్ణాశయంలో 400 మిల్లీలీటర్లకు మించి బెలూన్ నింపినప్పుడు ఆ పూట తినే తిండి తగ్గింది. బరువు తగ్గించడానికి వాడే బెలూన్లనూ 400 నుంచి 700 మిల్లీలీటర్ల సెలైన్‌తో నింపడం అందుకే. అందులో కొంచెం మిథిలీన్ బ్లూ రంగు కూడా కలుపుతారు. బెలూన్ చిల్లిపడితే మూత్రం నీలంగా వచ్చి విషయం బయటపడుతుంది. అయితే మొదటి వారాల్లో బాగా తగ్గిన ఆకలి తర్వాత తర్వాత తిరిగి వస్తుంది. గోడ ఆ బరువుకు అలవాటుపడుతుంది, పేగుకు మాత్రం కొత్తగా అందిందేమీ ఉండదు.

సాగుదలకు స్పందించే హార్మోన్ గ్యాస్ట్రిన్

జీర్ణాశయం కింది భాగంలో జీ కణాలు ఉంటాయి. గోడ సాగితే రెండు దారుల్లో వాటికి కబురు అందుతుంది. ఒకటి మెదడు దాకా వెళ్లి తిరిగొచ్చే వేగస్ దారి, రెండోది గోడలోనే ఉన్న స్థానిక నరాల దారి. ఈ నరాల కొసలు గ్యాస్ట్రిన్‌ను విడిపించే ఒక చిన్న ప్రోటీన్‌ను వదులుతాయి, జీ కణం గ్యాస్ట్రిన్‌ను రక్తంలోకి పంపుతుంది. అది పక్కనే ఉన్న మరో రకం కణాల నుంచి హిస్టమిన్‌ను రప్పిస్తుంది, హిస్టమిన్ ఆమ్లం ఊరిస్తుంది. రానిటిడిన్, ఫామోటిడిన్ లాంటి మాత్రలు అడ్డుకునేది ఈ హిస్టమిన్ మెట్టునే.

సాగుదలతో పాటు రుచి చూసే పనీ జీ కణానిదే. మాంసం, పప్పు, పాలు విడిపోయి వచ్చే అమైనో ఆమ్లాల్లో ఫినైల్‌అలనిన్, ట్రిప్టోఫాన్ గ్యాస్ట్రిన్‌ను బాగా పెంచుతాయి. చక్కెర, కొవ్వు ఈ కణాన్ని దాదాపు కదిలించవు. ఉత్త నీళ్లతో సాగిన కడుపులో కంటే నాటుకోడి పులుసుతో సాగిన కడుపులో ఆమ్లం ఎక్కువ ఊరడానికి కారణం ఇదే.

దీనికి బ్రేకు కూడా అక్కడే ఉంది. ఆమ్లం పెరిగి పీహెచ్ 3 కంటే దిగితే డీ కణాలు సొమటోస్టాటిన్ వదిలి జీ కణాన్ని ఆపుతాయి. భోజనం వల్ల ఊరే ఆమ్లంలో సుమారు 30 శాతం తిండిని చూసి, వాసన పీల్చి, నమిలేటప్పటి వాటా. 60 శాతం తిండి జీర్ణాశయంలో ఉన్నప్పటిది. మిగిలిన 10 శాతం పేగు దశది. పోపు వాసనకే కడుపులో కదలిక మొదలవుతుందన్న మాటకు శరీరశాస్త్రంలోనూ ఆధారం ఉందన్నమాట.

గ్రీలిన్‌ను దించేది నీళ్లు కాదు

1999లో జపాన్‌లో కోజిమా, కంగావా బృందం కనుగొన్న ఆకలి హార్మోన్ గ్రీలిన్ ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుంది. భోజనానికి ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. జీర్ణాశయంలో పుట్టి, జీర్ణాశయం నిండాక తగ్గుతోంది కాబట్టి సాగుదలే దాన్ని తగ్గిస్తోందని అనుకోవడం సహజం. ఇంటర్నెట్‌లో తిరిగే సలహాలకు పునాది కూడా ఈ ఊహే.

2003లో ఇదే ఉచ్చు పద్ధతితో ఎలుకల్లో దీన్ని పరీక్షించారు. పేగులోకి దారి మూసేసి జీర్ణాశయంలో గ్లూకోజ్ నింపినా గ్రీలిన్ తగ్గలేదు. దారి తెరిచి గ్లూకోజ్‌ను కిందికి వదిలాకే తగ్గింది. హార్మోన్ ఊరేది పైన, దాన్ని ఆపే కబురు వచ్చేది కింది నుంచి. పోషకాల్లోనూ తేడా ఉంది. పిండిపదార్థాలు, ప్రోటీన్లు గ్రీలిన్‌ను బాగా దించుతాయి. అన్ని కేలరీలే ఉన్నా కొవ్వు అంతగా దించదు.

మరి భోజనానికి ముందు నీళ్ల సలహా ఉత్తదేనా? కాదు. 2010లో అమెరికాలో నడివయసు దాటినవాళ్ల మీద జరిగిన 12 వారాల పరిశీలనలో, ఆహారం తగ్గించుకుంటూనే ప్రతి పూటా భోజనానికి అర్ధగంట ముందు 500 మిల్లీలీటర్ల నీళ్లు తాగినవాళ్లు మిగతావాళ్ల కంటే సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గారు. పని చేసింది సాగుదల, నరాల కబురు. దీని పరిమితీ ఇక్కడే కనిపిస్తుంది. ఉత్త నీళ్లలో సగం 10 నుంచి 20 నిమిషాల్లోనే పేగులోకి జారిపోతాయి. తాగాక తినడం మరీ ఆలస్యమైతే ఆ కబురు చల్లారిపోతుంది. గంట ముందు తాగిన నీళ్లు దాహం తీర్చడానికే తప్ప ఇంకెందుకూ కొరగావు.

ఖాళీ కడుపు సంగతి కూడా ఒక మాట. అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లలో చాలామంది ఏమీ తినకుండా బయల్దేరతారు. 3,550 మెట్లు ముగిసేలోగా పొట్టలో గుర్రుమన్న చప్పుడు ఒకటికి రెండుసార్లు వినిపించడం మామూలే. అది గ్రీలిన్ ఒక్కదాని పని కాదు. తిండి లేనప్పుడు ప్రతి 90 నుంచి 120 నిమిషాలకోసారి మోటిలిన్ అనే మరో హార్మోన్ పెరిగి, జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరి దాకా ఊడ్చినట్టు ఒక అల నడిపిస్తుంది. చప్పుడు ఆ ఊడ్పుదే. కాస్త తినగానే అల ఆగిపోతుంది.

ఆంత్రమూలం: తూకం వేసే చోటు

జీర్ణాశయం నుంచి తిండి ఒక్కసారిగా కిందికి పడదు. గట్టి పదార్థం ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులయ్యేదాకా లోపలే నలుగుతుంది. అప్పటికీ దారి విచ్చలవిడిగా తెరుచుకోదు. నిమిషానికి సుమారు 1 నుంచి 4 కేలరీల లెక్కన చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి దిగుతుంది. ఈ వేగాన్ని నిర్ణయించేది ఎక్కువగా పేగే. కిందికి వచ్చినదాన్ని బట్టి పై గేటును బిగిస్తుంది, వదులుతుంది.

హార్మోన్ల శాస్త్రం పుట్టింది కూడా ఇక్కడే. 1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి నరాలన్నీ తెంపి, అందులో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమం నుంచి రసం కారింది. కబురు రక్తంలో వెళ్లిందన్నమాట. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ‘హార్మోన్’ అనే పేరును స్టార్లింగ్ వాడింది మరో మూడేళ్లకు, 1905లో. ఆంత్రమూలంలో పీహెచ్ 4.5 కంటే దిగితే సెక్రెటిన్ వస్తుంది, క్లోమం నుంచి బైకార్బనేట్ రప్పించి ఆమ్లాన్ని విరిచేస్తుంది.

కొవ్వు, ప్రోటీన్లు వచ్చినప్పటి పని సీసీకే అనే హార్మోన్‌ది. దీని పూర్తి పేరు కోలిసిస్టోకైనిన్. పిత్తాశయాన్ని పిండేది అని అర్థం. పేరులో చెప్పిన పనితో పాటు క్లోమం నుంచి ఎంజైములు రప్పిస్తుంది, పైత్యరసం దిగే దారి తెరుస్తుంది, జీర్ణాశయం గేటు బిగిస్తుంది, వేగస్ నాడి కొసలను తట్టి తృప్తి కబురు పంపుతుంది. తిన్న 15 నుంచి 30 నిమిషాల్లో ఉచ్ఛస్థాయికి చేరుతుంది. రక్తంలో నిలిచేది కొద్ది నిమిషాలే.

సీసీకే విషయంలో ఒక చిన్న షరతు ఉంది. కొవ్వు కొవ్వుగా ఉన్నంతసేపు సీసీకే వదిలే ఐ కణం దాన్ని గుర్తించదు. లైపేజ్ ఎంజైము దాన్ని కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టాలి, ఆ ఆమ్లం గొలుసులో కనీసం 12 కార్బన్లు ఉండాలి. చెనక్కాయ (వేరుశనగ) నూనెలో ఉండేవి ప్రధానంగా 18 కార్బన్ల ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలు. కాబట్టి ఈ గేటు దగ్గర వాటికి పూర్తి గుర్తింపు దొరుకుతుంది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం సరిగ్గా 12 దగ్గర, గడప మీద నిలబడుతుంది. కొవ్వు విడిపోకుండా అడ్డుకునే ఓర్లిస్టాట్ మాత్ర వేసుకుంటే సీసీకే తగ్గడానికి కూడా ఈ షరతే కారణం.

ఇక్కడ సాగుదల పాత్ర మళ్లీ కనిపిస్తుంది, మరో రూపంలో. వేగస్ నాడిలోని కొన్ని తంతువులు సాగుదలకూ స్పందిస్తాయి, సీసీకేకూ స్పందిస్తాయి. రెండూ కలిసి వచ్చినప్పుడు వాటి స్పందన విడివిడిగా వచ్చినప్పటి కంటే బలంగా ఉంటుంది. అర లీటరు నీళ్లు ఒక్కటే ఇచ్చే నిండుదనం, ఇరవై గ్రాముల నూనె ఒక్కటే ఇచ్చే తృప్తి, రెండూ బలహీనమే. నూనెతో చేసిన కూర, పులుసు, పిడికెడు సంగటి కలిసి కడుపులో ఉన్నప్పుడు లెక్క మారిపోతుంది.

నిమిషానికి ఎన్ని కేలరీలు

ఇన్సులిన్‌తో సంబంధమున్న హార్మోన్లు రెండు. పై పేగులో కే కణాలు వదిలే జీఐపీ ఒకటి, ఎల్ కణాలు వదిలే జీఎల్‌పీ-1 ఇంకొకటి. అంతే గ్లూకోజ్‌ను సెలైన్ ద్వారా రక్తంలోకి ఎక్కించినప్పటి కంటే నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఇన్సులిన్ ఎక్కువ వస్తుంది. ఆరోగ్యవంతుల్లో భోజనం తర్వాతి ఇన్సులిన్ స్పందనలో 50 నుంచి 70 శాతం దాకా ఈ రెండు హార్మోన్ల చలవే. గ్లూకోజ్ కేవలం తగిలితే సరిపోదు. సోడియంతో పాటు కణంలోకి లాగబడాలి, అప్పుడే హార్మోన్ బయటికొస్తుంది.

ఇక్కడ వేగం లెక్కలోకి వస్తుంది. ఆంత్రమూలంలోకి గొట్టం వేసి గ్లూకోజ్‌ను నిమిషానికి 1, 2, 4 కేలరీల చొప్పున పంపిన ప్రయోగాల్లో జీఐపీ వేగంతో పాటు క్రమంగా పెరిగింది. జీఎల్‌పీ-1 మాత్రం తక్కువ వేగంలో పెద్దగా కదలక, 4 కేలరీల దగ్గర గణనీయంగా లేచింది. కారణం పేగు పొడవు. నెమ్మదిగా దిగే గ్లూకోజ్‌ను పై పేగే పీల్చేసుకుంటుంది. ఎల్ కణాలు దట్టంగా ఉండే కింది పేగుకు అది చేరాలంటే పై పేగు పీల్చుకోగా మిగలాలి.

అయితే భోజనం మొదలైన 10, 15 నిమిషాలకే జీఎల్‌పీ-1 పెరగడం మొదలవుతుంది. అంత త్వరగా తిండి కింది పేగుకు చేరదు. ఆంత్రమూలంలో, దాని పక్కనా కొన్ని ఎల్ కణాలు ఉండటం దీనికి ఒక జవాబు. పీవైవై అనే మూడో హార్మోన్ ఇంకాస్త తాపీ మనిషి. తిన్న కేలరీలకు తగ్గట్టుగా పెరిగి, ఒకటి రెండు గంటలకు శిఖరం చేరి, చాలాసేపు నిలుస్తుంది. కింది పేగుకు కొవ్వు చేరితే పై గేటు బిగుసుకునే ఏర్పాటులో దీని వాటా పెద్దది.

తినే వేగానికీ ఇందులో చోటుంది. 2010లో 17 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్ ఒకసారి 5 నిమిషాల్లో, ఇంకోసారి 30 నిమిషాల్లో తినిపించారు. నిదానంగా తిన్నప్పుడు పీవైవై, జీఎల్‌పీ-1 ఎక్కువ వచ్చాయి. గ్రీలిన్‌లో తేడా కనపడలేదు. పెళ్లి పంక్తిలో వెనక మనిషి నిలబడి ఉంటే పది నిమిషాల్లో ఆకు ఎత్తేస్తారు. సాగుదల కబురు అప్పటికే అంది ఉంటుంది, హార్మోన్లది ఇంకా దారిలోనే ఉంటుంది.

సంగటి, అంబలి, ఊరిమిండి

చిత్తూరు పళ్లేనికి ఈ లెక్క వేసి చూస్తే కొన్ని తేడాలు తేటపడతాయి. నూరు గ్రాముల రాగిలో సుమారు 320 కేలరీలు, 7 గ్రాముల ప్రోటీన్, 11 గ్రాముల పీచు ఉంటాయి. ఆ పిండినే నూకలతో ఉడికించి తెడ్డుతో కలియబెట్టి ముద్ద చేస్తే సంగటి, నీళ్లు పెంచి పలుచగా కాచి మజ్జిగ కలిపితే అంబలి. పిండి అదే అయినా నడక వేరు. అంబలి ద్రవం కాబట్టి నలిగే దశ లేకుండా వెంటనే దిగడం మొదలవుతుంది. ముద్ద అలా కాదు. గట్టి ఆహారం దిగడం మొదలయ్యేసరికే 20, 30 నిమిషాలు పడుతుంది. పైగా సంగటిని పులుసులో ముంచి నమలకుండా మింగే అలవాటు ఉంది కాబట్టి, పళ్లు చేయాల్సిన పనీ జీర్ణాశయమే చేయాలి. సాగుదల ఎక్కువసేపు నిలుస్తుంది. మధ్యాహ్నం ముద్ద తిని పొలం వెళ్లినవాళ్లకు సాయంత్రం దాకా ఆగుతుందన్న మాటలో ఈ ఆలస్యం పాత్ర ఉంది. అయితే ఇదే షుగర్ ఉన్నవాళ్లకు సంగటి ఎంత తిన్నా పర్వాలేదన్న భరోసా కాదు. రాగిపిండిలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే, ఆలస్యంగానైనా అది గ్లూకోజ్‌గానే దిగుతుంది.

చెనగ్గింజల్లో నూరు గ్రాములకు సుమారు 24 గ్రాముల ప్రోటీన్, 40 గ్రాముల దాకా కొవ్వు ఉంటాయి. సీసీకేకు కావలసిన సరుకంతా అందులో ఉంది. కానీ ఉడకబెట్టిన కాయలు సరిగా నమలకుండా మింగితే నూనె గింజ కణాల గోడల మధ్యే చిక్కుకుపోయి, కొంత విడిపోకుండానే బయటికి పోతుంది. రోట్లో నూరిన ఊరిమిండిలో, అంటే పచ్చడిలో, ఆ గోడలు పగిలి నూనె చేతికి అంటుతుంది. పేగులో లైపేజ్‌కూ అలాగే అందుతుంది. కేలరీలు ఎక్కువ దక్కుతాయి, హార్మోన్ కబురూ ముందే వెళ్తుంది.

నెయ్యి ముద్ద సలహాకు కొలతలు చూడాలి. టైప్-2 షుగర్ ఉన్నవాళ్లకు బంగాళదుంప ముద్దకు అర్ధగంట ముందు 30 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె ఇచ్చినప్పుడు జీర్ణాశయం నెమ్మదించింది, షుగర్ పెరగడం ఆలస్యమైంది. 30 మిల్లీలీటర్లంటే సుమారు 245 కేలరీలు. మొదటి ముద్దలో పడే చెంచాడు నెయ్యికి ఆ ప్రభావం ఆశించలేం, అంత నెయ్యి వేసుకుంటే మరో సమస్య.

తినే వరస గురించిన ఆధారం ఇంతకంటే గట్టిది. 2015లో న్యూయార్క్‌లో టైప్-2 షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో ఇచ్చారు. కూరగాయలు, కోడిమాంసం ముందు తిని 15 నిమిషాలకు రొట్టె, నారింజ రసం తీసుకున్నప్పుడు, రొట్టె ముందు తిన్నప్పటితో పోలిస్తే గంట తర్వాతి షుగర్ సుమారు 37 శాతం తక్కువగా ఉంది. మన భోజనానికీ వరస ఉంది కదా అనిపించవచ్చు: పప్పు, కూర, పులుసు, చారు, మజ్జిగ. కానీ ఇందులో మారేది కలుపుకునేదే. అన్నం మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా ఉంటుంది. ఆ ప్రయోగంలోని వరస రావాలంటే కూరాకు, గుడ్డో పప్పో ముందు ఉత్తగా తిని, పది పదిహేను నిమిషాలాగి సంగటికో అన్నానికో రావాలి.

లెక్క తప్పే చోట్లు

ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ వేగస్ నాడిని దెబ్బతీస్తే జీర్ణాశయం నలపడం, దించడం రెండూ మందగిస్తాయి. పరీక్ష భోజనం తిన్న 4 గంటలకు కూడా 10 శాతం కంటే ఎక్కువ లోపలే ఉంటే దాన్ని ఆలస్యంగా లెక్కిస్తారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లలో దీని గుర్తు కాస్త విచిత్రంగా ఉంటుంది. తిన్న గంటకే షుగర్ పడిపోతుంది, మూడు నాలుగు గంటలకు పెరుగుతుంది. సూది మందు వేళకు అందింది, తిండి అందలేదు. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉండటమే జీర్ణాశయాన్ని ఇంకా నెమ్మది చేస్తుంది కాబట్టి ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి.

గ్యాస్ మాత్రలది వేరే కథ. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తే సొమటోస్టాటిన్ బ్రేకు పడదు, గ్యాస్ట్రిన్ పెరుగుతూ పోతుంది. మాత్ర ఆపగానే పెరిగిన గ్యాస్ట్రిన్ తన పని చూపిస్తుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకుని, సగం మందికి 8 వారాలు ఈ రకం మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆపాక మంట, పులితేన్పులు వచ్చినవాళ్లు మొదటి గుంపులో 44 శాతం, రెండో గుంపులో 15 శాతం. మాత్ర ఆపితే మంట వచ్చింది కాబట్టి జబ్బు పోలేదని అనుకోవడం అన్నిసార్లూ సరికాదు. గ్యాస్ట్రిన్ రక్తపరీక్ష రాయించుకునేవాళ్లు ఈ మాత్రలు వాడుతున్నట్టు ముందే చెప్పకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. హెలికోబాక్టర్ పైలోరీ క్రిమి ఉన్నవాళ్లలోనూ డీ కణాల బ్రేకు బలహీనపడి గ్యాస్ట్రిన్ పెరుగుతుంది.

బరువు తగ్గించే ఆపరేషన్లను పక్కపక్కన పెడితే సాగుదలకూ పోషకానికీ ఉన్న తేడా ఇంకా స్పష్టమవుతుంది. జీర్ణాశయం పైభాగానికి పట్టీ బిగిస్తే చోటు తగ్గుతుంది, కొంచెం తిన్నా గోడ బిగుసుకుంటుంది. కానీ గ్రీలిన్ తగ్గదు, జీఎల్‌పీ-1 చెప్పుకోదగ్గంతగా పెరగదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. గ్రీలిన్ తయారయ్యే పైభాగం అందులోనే పోతుంది. మిగిలిన గొట్టం నుంచి తిండి త్వరగా దిగడంతో జీఎల్‌పీ-1, పీవైవై పెరుగుతాయి. బైపాస్‌లో తిండి ఆంత్రమూలాన్ని దాటేసి నేరుగా కిందికి చేరుతుంది కాబట్టి ఈ రెండూ ఇంకా ఎక్కువ లేస్తాయి. బరువు పెద్దగా తగ్గకముందే షుగర్ దిగిరావడం ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. దాని మూల్యం కూడా ఈ వేగంలోనే ఉంది. లడ్డు లాంటి తీపి ఒక్కసారిగా పేగులో పడితే అరగంటలోపు చెమట, గుండెదడ, కళ్లు తిరగడం; రెండు మూడు గంటలకు షుగర్ పడిపోవడం.

సూదిమందు ఏం చేస్తుంది

పేగు వదిలిన జీఎల్‌పీ-1ను డీపీపీ-4 అనే ఎంజైము రెండు నిమిషాల్లోపే సగానికి తగ్గించేస్తుంది. దాన్ని కొలవాలంటే రక్తం తీసిన గొట్టంలో ఆ ఎంజైమును అడ్డుకునే మందు ఉండాలి, గొట్టాన్ని మంచులో పెట్టాలి. మామూలు ల్యాబులు ఈ పరీక్ష చేయకపోవడానికి ఇదొక కారణం. సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ మాత్రలు ఈ ఎంజైమునే అడ్డుకుంటాయి. పేగు ఎంత వదిలితే అంతే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి షుగర్ తగ్గుతుంది, బరువు దాదాపు మారదు.

సెమాగ్లుటైడ్ సగమవడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. మౌంజారోలోని టిర్జెపటైడ్‌కు ఐదు రోజులు. ఇది జీఐపీ పని కూడా చేస్తుంది. భోజనంతో లేచి పడే కెరటం స్థానంలో వారమంతా నిండుగా ఉండే చెరువు వచ్చినట్టు. కడుపు సాగిందా, పేగుకు పోషకం అందిందా అన్న లెక్కతో పనిలేకుండా తిన్నట్టే కబురు వెళ్తూ ఉంటుంది. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెలకో మెట్టు చొప్పున 2.4 దాకా పెంచేది ఈ కబురుకు శరీరం అలవాటుపడటానికే. తొందరపడి మెట్లు దాటినవాళ్లకు వాంతులు ఎక్కువ.

సాగుదల ఇక్కడ మళ్లీ ముఖ్యమవుతుంది. మందు మొదలైన తొలి నెలల్లో జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పాత అలవాటు ప్రకారం అదే కొలత వడ్డించుకుంటే, ముందు పూట మిగిలినదాని మీద కొత్త భోజనం పడుతుంది. గోడ మామూలు కంటే ఎక్కువ సాగి వికారం, పులితేన్పులు, వాంతి వస్తాయి. నూనె ఎక్కువున్న వంటకాలతో ఇది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే సీసీకే కూడా గేటు బిగించడానికే పని చేస్తుంది. పిత్తాశయానికీ ముప్పుంది. బరువు వేగంగా తగ్గుతూ, తిండిలో కొవ్వు దాదాపు లేకుండా ఉంటే సీసీకే రాక పిత్తాశయం పిండుకోదు, నిలిచిన పైత్యరసంలో రాళ్లు కడతాయి. సున్నా నూనె పత్యాలు చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మత్తు ఇచ్చే పరీక్షలు, ఆపరేషన్లకు వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త ఉంది. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకపోయినా ఈ మందు మీద ఉన్నవాళ్ల జీర్ణాశయంలో తిండి మిగిలి ఉండొచ్చు. మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. 2023 జూన్‌లో అమెరికా మత్తు వైద్యుల సంఘం, వారానికోసారి వేసుకునే సూదిని వారం ముందే ఆపాలని సూచించింది. 2024లో పలు వైద్య సంఘాలు కలిసి దాన్ని సడలించి, చాలామంది మందు కొనసాగించవచ్చనీ, ముప్పు ఎక్కువున్నవాళ్లు 24 గంటల ముందు నుంచి ద్రవాహారం మాత్రమే తీసుకోవాలనీ చెప్పాయి. మందు మొదలుపెట్టి కొద్ది వారాలే అయినవాళ్లు, డోసు ఇంకా పెంచుతున్నవాళ్లు, వికారం తగ్గనివాళ్లు ఈ ముప్పు గుంపులోకి వస్తారు. ఎండోస్కోపీకి పేరు రాయించుకునేటప్పుడే చివరి సూది ఏ తేదీన, ఎంత డోసు వేసుకున్నదీ డాక్టరుకు చెప్పాలి. సూదిని సొంతంగా ఆపేయకూడదు. షుగర్ కోసం వాడుతున్నవాళ్లకు ఆ వారంలో వేరే మందు సర్దాల్సి రావచ్చు.